సింగిల్‌ఫైల్ సమీక్ష: చర్చను జవాబులతో సహా దాచుకోవాలంటే

నెట్‌లో జరిగే ఒక ఆవకాయ చర్చ తీసుకోండి. పైన ఎవరో కొలత రాస్తారు: గిన్నె ఆవపిండికి గిన్నె కారం, గిన్నె ఉప్పు. కింద నాలుగో జవాబులో ఒకావిడ అడుగుతుంది: "ఉప్పు ఏదండీ, కల్లుప్పా, ప్యాకెట్లో వచ్చే మెత్తుప్పా?" అసలు సంగతి అక్కడ బయటపడుతుంది. రాళ్ల మధ్య ఖాళీ ఉంటుంది కాబట్టి గిన్నెడు కల్లుప్పు గిన్నెడు మెత్తుప్పు కంటే తక్కువ తూగుతుంది. రాళ్ల ఉప్పుతో చెప్పిన లెక్కకు మెత్తుప్పు పోస్తే ఆవకాయ నోట పెట్టలేం. మెత్తుప్పు లెక్కకు రాళ్లు పోస్తే ఉప్పు చాలక జాడీ బూజు పడుతుంది. ఇంకో పది జవాబుల కింద మరొకరు తేలుస్తారు: "కల్లుప్పు ఎండబెట్టి, దంచి, జల్లించి, అప్పుడు కొలవండి."

ఇందులో దాచుకోవలసింది పైన ఉన్న కొలత కాదు, కింద జరిగిన దిద్దుబాటు. పద్యాల చర్చల్లోనూ ఇంతే. ఒకరు పద్యం పెడతారు, యతి కుదరలేదని ఇంకొకరు అంటారు, మూడో మనిషి తన దగ్గరున్న ప్రతిలో పాఠం వేరని చూపిస్తారు. ఆ మూడో మనిషి మాట పోతే మనకు మిగిలేది తప్పు పాఠం.

అందుకే, వెబ్ పేజీలను దాచే సింగిల్‌ఫైల్ అన్న పరికరం మీద రాస్తున్న ఈ సమీక్షలో పెట్టుకున్న కొలబద్ద ఒక్కటే: పేజీని దాచే పరికరం జవాబులను దాచుతుందా, లేదా. ఈ ఒక్క ప్రశ్న దగ్గరే పేరున్న పరికరాలు చాలా వెనకబడతాయి. "తర్వాత చదువుకుందాం" తరహా సేవలు పేజీలో అసలు వ్యాసం ఏదో ఊహించి, దాన్ని మాత్రం శుభ్రంగా తీసి, మిగతాదంతా వదిలేసేలా తయారైనవి. ప్రకటనలతో పాటు వ్యాఖ్యలూ ఆ "మిగతా"లోకే పోతాయి. వ్యాసాలు చదువుకోవడానికి ఇన్‌స్టాపేపర్ హాయిగా ఉంటుంది కానీ చర్చలకు పనికిరాదు. పాకెట్ సంగతి ఇంకా కష్టం: 2017లో మొజిల్లా కొన్న ఆ సేవ 2025 జులై 8న మూతపడింది. అందులో లింకులు పెట్టుకున్నవాళ్లకు చివరికి మిగిలింది లింకుల జాబితాయే. ఆ లింకుల్లో ఎన్ని ఇంకా తెరుచుకుంటాయన్నది వేరే లెక్క.

తెలుగువాళ్లకు ఈ దెబ్బ కొత్తది కాదు. యాహూ గ్రూప్స్‌లో రచ్చబండ పేరుతో సాహిత్య చర్చలు ఏళ్ల తరబడి నడిచాయి. పాత సందేశాలు తీసేస్తామని యాహూ 2019 అక్టోబరులో ప్రకటించింది, 2020 డిసెంబరు 15న ఆ సేవనే మూసేసింది. ఆర్కుట్ 2014 సెప్టెంబరు 30న, గూగుల్ ప్లస్ 2019 ఏప్రిల్ 2న పోయాయి. ప్రతిసారీ నిలిచింది ఎవరో ఒకరు ముందుగా తమ కంప్యూటర్లోకి దించుకున్నదే.

సింగిల్‌ఫైల్ చేసేది ఆ దించుకునే పని. ఇది జిల్దా లోర్మో రాసిన ఉచిత ఎక్స్‌టెన్షన్, అంటే బ్రౌజర్‌కు అదనంగా తగిలించుకునే చిన్న ప్రోగ్రామ్. కోడ్ అందరికీ తెరిచే ఉంది. క్రోమ్, ఎడ్జ్, ఫైర్‌ఫాక్స్, సఫారీల్లో దొరుకుతుంది. బొత్తాం నొక్కగానే మీ కళ్ల ముందున్న పేజీని, అందులోని అక్షరాలూ బొమ్మలూ అమరికతో సహా, ఒకే ఒక్క హెచ్‌టీఎంఎల్ ఫైలుగా డౌన్‌లోడ్స్‌లో పెడుతుంది. ఆ ఫైలును ఏ బ్రౌజర్లోనైనా, నెట్ లేకుండా, ఎక్స్‌టెన్షన్ తీసేసిన తర్వాత కూడా తెరవవచ్చు. పాకెట్ మూతపడినట్టు మూతపడటానికి వెనక ఏ సేవా లేదు.

పెట్టుకునేటప్పుడు "మీరు చూసే అన్ని సైట్ల సమాచారాన్ని చదవగలదు, మార్చగలదు" అని బ్రౌజర్ హెచ్చరిస్తుంది. అది చూసి వెనక్కి తగ్గేవాళ్లున్నారు. పేజీలోని అక్షరాలూ బొమ్మలూ తీసుకోవాలంటే ఆ అనుమతి లేకుండా కుదరదు. పని అంతా మీ బ్రౌజర్లోనే జరుగుతుంది, పేజీ ఇంకో సర్వరుకు పోదు. అయినా మనసొప్పకపోతే, ఎక్స్‌టెన్షన్ వివరాల్లో సైట్ అనుమతిని "నొక్కినప్పుడు మాత్రమే" అని మార్చుకోండి. క్రోమ్‌లోనూ ఎడ్జ్‌లోనూ ఆ వీలుంది.

ఇక చెడేది ఎక్కడ? బొత్తాం నొక్కడంలో కాదు, నొక్కే ముందు.

సింగిల్‌ఫైల్ పేజీని దాచేటప్పుడు అందులోని స్క్రిప్టులను తీసేస్తుంది. అంటే "మరిన్ని జవాబులు చూడండి" అన్న బొత్తాం ఫైల్లో బొమ్మలా కనిపిస్తుంది గానీ నొక్కితే పలకదు. దాచే నిమిషంలో తెరిచి ఉన్న జవాబులే ఫైల్లోకి వస్తాయి. మూసి ఉన్నవి శాశ్వతంగా పోయినట్టే. కాబట్టి ముందు పేజీ చివరిదాకా నెమ్మదిగా దిగండి. కనిపించిన ప్రతి "మరిన్ని"నీ నొక్కండి. పొడుగు జవాబుల చివర "ఇంకా చదవండి" ఉంటే అదీ విప్పండి. చర్చ పైన జవాబుల లెక్క ఉంటుంది కదా, 46 అని ఉంటే తెరిచినవి దాదాపు 46 అయ్యాయో లేదో చూసుకోండి. తొలగించిన జవాబులను కొన్ని సైట్లు లెక్కలో కలుపుతాయి కాబట్టి ఒకటి రెండు తేడా వస్తే కంగారు పడనక్కర్లేదు. పది తేడా వస్తే ఎక్కడో ఒక గుత్తి మూసే ఉందన్నమాట.

ఫేస్‌బుక్‌లో ఇంకో రెండు జాగ్రత్తలు కావాలి. అక్కడ జవాబులు మామూలుగా "ముఖ్యమైనవి" అన్న వరుసలో వస్తాయి, కొన్ని అసలు కనపడవు. దాన్ని "అన్ని కామెంట్లు"కు మార్చాకే విప్పడం మొదలుపెట్టండి. పోస్టును ఫీడ్ మీద తేలే కిటికీలో తెరిచి దాచితే వెనకున్న ఫీడ్ కూడా ఫైల్లోకి ఎక్కుతుంది. పోస్టు పైన పేరు కిందున్న తేదీ మీద మౌసు కుడివైపు బొత్తాంతో నొక్కి, కొత్త ట్యాబ్‌లో విడిగా తెరిచి, అక్కడినుంచి దాచండి.

ఎక్స్‌లో, అంటే పాత ట్విట్టర్లో, సింగిల్‌ఫైల్ పొడుగు చర్చలకు ఓడిపోతుంది. మీరు కిందికి దిగుతున్నకొద్దీ ఆ సైటు పైన దాటిపోయిన జవాబులను పేజీలోంచి తీసేస్తూ ఉంటుంది, పైకి వెళ్తే మళ్లీ పెడుతుంది. దాచిన ఫైల్లో మీరు ఆగిన చోటు చుట్టుపక్కల ఉన్నవే ఉంటాయి. బ్రౌజర్ జూమ్‌ను బాగా తగ్గిస్తే ఒక్కసారికి ఎక్కువ జవాబులు పడతాయి. అప్పటికీ పట్టకపోతే రెండు మూడు ముక్కలుగా దాచుకోవడం తప్ప దారి లేదు.

తేదీల సంగతి చాలామంది గమనించరు. "3 రోజుల క్రితం", "2 వారాల క్రితం" అని జవాబుల పక్కన కనిపించే మాటలు దాచిన రోజున ఎలా ఉన్నాయో ఎప్పటికీ అలాగే ఉండిపోతాయి. నాలుగేళ్ల తర్వాత తెరిస్తే ఆ "3 రోజుల క్రితం" ఎప్పటిదో తెలియాలంటే దాచిన తేదీ కావాలి. సింగిల్‌ఫైల్ దాచిన తేదీనీ అసలు లింకునూ ఫైలు కోడ్ మొదట్లో, పేజీలో కనపడని వరుసగా రాసిపెడుతుంది. కుడివైపు బొత్తాం నొక్కి "పేజీ సోర్స్ చూడండి" అంటే మొదటి వరుసల్లోనే కనిపిస్తుంది. ఈ చిన్న ఏర్పాటు వల్ల ఇది మిగతావాటికంటే ఒక మెట్టు పైన నిలుస్తుంది. ఇంటి చిట్కాలకు, ముఖ్యంగా మందులూ ధరలూ ఆఫీసు నియమాలూ ఉన్న చర్చలకు, సలహా ఎప్పటిదో తెలియకపోతే దాచుకుని లాభం లేదు.

ఇంగ్లీషు పేజీలకు అంతగా రాని, తెలుగు పేజీలకు వచ్చే తంటా ఫైలు పేరు. సింగిల్‌ఫైల్ మామూలుగా పేరును 192 బైట్ల దగ్గర కోస్తుంది. ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు చాలు, తెలుగులో ప్రతి గుర్తుకూ 3 బైట్లు పడతాయి. గుణింతం విడి గుర్తు, పొల్లు విడి గుర్తు, వత్తు హల్లు మరో గుర్తు. "స్త్రీ" అన్న ఒక్క అక్షరం లోపల 6 గుర్తులు, 18 బైట్లు. అంటే 192 బైట్లలో పట్టేది 64 గుర్తులే. ప్రశ్న పూర్తిగా శీర్షికలో రాసే సైట్లలో పొడుగు ప్రశ్న మధ్యలోనే పేరు తెగిపోతుంది, ఒకే మొదలున్న రెండు చర్చల్లో ఏది ఏదో తెలియదు. సెట్టింగుల్లో ఫైలు పేరు నమూనాను మార్చి తేదీ ముందు, సైటు పేరు తర్వాత, శీర్షిక చివర వచ్చేలా పెట్టుకోండి. అప్పుడు తెగేది శీర్షిక తోకే, తేదీ నిలుస్తుంది.

కొలత పెంచేద్దామా అనుకుంటే ఒక చిక్కుంది. విండోస్ 255 గుర్తుల పేరునూ ఒప్పుకుంటుంది, అవి తెలుగైనా సరే. ఆండ్రాయిడ్ ఫోన్లూ లినక్సూ మాత్రం 255 బైట్లకే ఆగుతాయి, అంటే 85 తెలుగు గుర్తులు. కంప్యూటర్లో బాగానే ఉన్న ఫైలు ఫోనుకు కాపీ చేసేటప్పుడు ఎర్రర్ చూపించడానికి చాలాసార్లు ఇదే కారణం. పేరు పొట్టి చేస్తే వెళ్లిపోతుంది.

లింకుకూ ఇదే జబ్బు. తెలుగు అక్షరాలున్న లింకును కాపీ చేస్తే ఒక్కో గుర్తూ శాతం గుర్తులతో కలిపి 9 ఇంగ్లీషు గుర్తులుగా మారుతుంది. "ఆవకాయ" అన్న మాట ఒక్కటే 45 గుర్తుల పొడుగు. వాటిలో ఒక్కటి తెగినా లింకు తెరుచుకోదు. లింకు మాత్రమే రాసిపెట్టుకునే అలవాటు తెలుగు చర్చలకు ఇంకా నష్టం చేసేది ఇందుకే.

బొమ్మల దగ్గర ఒక లోటుంది. పేజీలో కనిపిస్తున్న సైజు బొమ్మనే సింగిల్‌ఫైల్ తీసుకుంటుంది, నొక్కితే తెరుచుకునే పెద్ద బొమ్మను కాదు. కలంకారీ చర్చ అనుకోండి. శ్రీకాళహస్తి కలం పనా, పెడన అచ్చు పనా అని గుర్తుపట్టే మాట వస్తే గీత అంచు చూడాలి. కసిమి అనే నలుపు రంగు కరక్కాయ పెట్టిన గుడ్డ మీద ఎలా పాకిందో చూడాలి. చిన్న బొమ్మలో అవేవీ తెలియవు. అలాంటి బొమ్మలను ఒక్కొక్కటే పూర్తి సైజులో తెరిచి, విడిగా సేవ్ చేసి, ఫైలు పక్కనే అదే తేదీతో పెట్టుకోండి. వీడియో ఫైల్లోకి రాదు, వస్తుందని ఆశ పెట్టుకోకండి. పైనుంచి కిందికి ఒకసారి పూర్తిగా దిగకపోతే బొమ్మల చోట బూడిదరంగు డబ్బాలు మిగలడం కూడా కద్దు. అప్పటికి ఆ బొమ్మలు పేజీలోకి ఇంకా దిగలేదన్నమాట.

ఫైలు బరువు అంతా బొమ్మలదే. బొమ్మను అక్షరాలుగా మార్చి హెచ్‌టీఎంఎల్ లోపలే పెడుతుంది కాబట్టి ఒక్కో బొమ్మ మూడో వంతు పెరుగుతుంది. అక్షరాలే ఉన్న చర్చ తేలిగ్గానే ఉంటుంది.

ఎక్స్‌టెన్షన్ మెనూలో రెండు మంచి పనులున్నాయి, చాలామంది వాటిని తెరవరు. కావలసిన జవాబులను మౌసుతో ఎంచుకుని ఎంపికను మాత్రమే దాచవచ్చు. లేదా "అనొటేట్ అండ్ సేవ్" అన్నదాంతో దాచే ముందు కొన్ని వాక్యాలకు రంగు పూసి, పక్కన చిన్న చీటీ అంటించి, అక్కర్లేని భాగాలను కోసేయవచ్చు. ఆ చీటీలో "ఉప్పు సంగతి 14వ జవాబు" అని ఒక్క ముక్క రాస్తే, ఏడాది తర్వాత మొత్తం మళ్లీ చదివే పని తప్పుతుంది.

ఫోన్లో వాడాలంటే ఆండ్రాయిడ్ క్రోమ్ ఎక్స్‌టెన్షన్లను ఒప్పుకోదు, ఫైర్‌ఫాక్స్ వేసుకోవాలి. పని చేస్తుంది గానీ రెండు మూడు వందల జవాబుల పేజీ దగ్గర మామూలు ఫోను ఆయాసపడుతుంది. వీలైతే కంప్యూటర్ మీదే చేసుకోవడం మేలు.

ఇక మిగతా దారులు. బ్రౌజర్లోనే ఉన్న "పేజీ సేవ్ చేయి" హెచ్‌టీఎంఎల్ ఫైలు ఒకటి, బొమ్మల ఫోల్డరు ఒకటి విడిగా ఇస్తుంది. రెండిట్లో ఒకటి కదిలిస్తే బొమ్మలు పోతాయి. క్రోమ్ ఒకే ఫైలుగా ఇచ్చే ఎంహెచ్‌టీఎంఎల్ ఫైర్‌ఫాక్స్‌లో తెరుచుకోదు. స్క్రీన్‌షాట్లు అత్యవసరానికి సరే, వాటిలో వెతకలేం, బొమ్మను చదివే యాప్‌లు వత్తుల దగ్గర ఇంకా తడబడుతున్నాయి.

పీడీఎఫ్ గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే అందరూ ముందు దాని దగ్గరికే వెళ్తారు. కంటికి చక్కగా ఉంటుంది, అచ్చుకు బాగుంటుంది. తెలుగు పీడీఎఫ్‌లో మాట వెతికితే మాత్రం తరచు దొరకదు. పీడీఎఫ్ అక్షరాల ఆకారాలను పేజీ మీద అమర్చి పెడుతుంది. వత్తులూ గుణింతాలూ ఏ వరుసలో రాశామో ఆ వరుస అందులో చెదిరిపోతుంది. కాపీ చేసి వేరేచోట అతికిస్తే పొల్లులు చెల్లాచెదురుగా వస్తాయి. వెతుక్కోవలసిన చర్చను పీడీఎఫ్‌గా దాచకండి.

ఇంటర్నెట్ ఆర్కైవ్ వారి వేబ్యాక్ మెషీన్ది వేరే ఉపయోగం. లింకు ఇస్తే అది పేజీ నకలు తీసి తన దగ్గర పెట్టుకుని, ఎవరైనా చూడగల శాశ్వత లింకు ఇస్తుంది. ఫలానా మాట ఫలానా రోజున అక్కడ ఉందని పదిమందికి చూపించాలంటే దీన్ని మించింది లేదు. మన కంప్యూటర్లోని ఫైలు అలాంటి సాక్ష్యం కాదు. కానీ లాగిన్ వెనకున్నదేదీ దానికి కనపడదు కాబట్టి ఫేస్‌బుక్ గుంపులు అసలు కుదరవు. నొక్కితే తెరుచుకునే జవాబులు చాలావరకు పోతాయి. 2025 ఆగస్టు నుంచి రెడిట్ తన చర్చా పేజీలను వేబ్యాక్‌కు మూసేసింది. 2024 అక్టోబరులో జరిగిన దాడితో ఆర్కైవ్ సైటే కొన్ని రోజులు ఆగిపోయింది కూడా. రెండూ చేసుకోండి: ఫైలు మీ దగ్గర, నకలు అక్కడ. తీయించిన నకలును ఒకసారి తెరిచి కిందిదాకా చూడకుండా నమ్మవద్దు.

వాట్సాప్ గుంపుల్లో జరిగే చర్చలకు సింగిల్‌ఫైల్ దారి కాదు. చాట్ తెరిచి, మూడు చుక్కలు, "మరిన్ని", "ఎక్స్‌పోర్ట్ చాట్". ఫొటోలతో కలిపితే చివరి 10,000 సందేశాలు, లేకుండా అయితే 40,000 అని వాట్సాప్ హద్దు పెట్టింది. పెద్ద గుంపుల్లో నాలుగు నెలలకోసారి తీయకపోతే పాతవి జారిపోతాయి. ఇందులో పెద్ద లోపం ఒకటుంది: ఎవరి మాటకు ఎవరు జవాబిచ్చారన్న ముడి ఆ టెక్స్ట్ ఫైల్లోకి రాదు. "అవును, అదే కరెక్ట్" అని ఒక వరుస కనిపిస్తుంది, ఏది కరెక్టో తెలియదు. కావలసిన చర్చ ఉంటే అదే రోజు తీసి, ఆ ముడులను చేత్తో రాసిపెట్టుకోవాలి. గుంపులో ఎవరైనా "అడ్వాన్స్‌డ్ చాట్ ప్రైవసీ" పెట్టి ఉంటే ఎక్స్‌పోర్ట్ అసలు కుదరదు. టెలిగ్రామ్ ఈ విషయంలో ఎంతో నయం. డెస్క్‌టాప్ యాప్‌లో చాట్ చరిత్రను హెచ్‌టీఎంఎల్‌గా ఇస్తుంది, జవాబు మీద నొక్కితే అసలు మాట దగ్గరికి తీసుకెళ్తుంది.

దాచినవి వంద దాటాక వెతకడం కష్టమవుతుంది. అప్పుడు జొటేరో వేసుకోవడం మంచిది. పరిశోధకుల కోసం తయారైన ఉచిత ప్రోగ్రామ్ అది, పేజీని దాచడానికి లోపల సింగిల్‌ఫైల్‌నే వాడుతుంది, పేజీలోని మాటలన్నిటినీ సూచిక చేసి వెతికిపెడుతుంది. ఆన్‌లైన్‌లో ఉచితంగా ఇచ్చే చోటు 300 ఎంబీ. 3 ఎంబీ పేజీలు వందకు నిండిపోతుంది. ఫైళ్ల సింకింగ్ ఆపేసి మీ డిస్కులోనే ఉంచుకుంటే ఆ హద్దు వర్తించదు.

వెతికేటప్పుడు తెలుగుకు ఒక కిటుకు కావాలి. "సాఫ్ట్‌వేర్" అని రాసేటప్పుడు ట, వ కలిసిపోకుండా కొందరు మధ్యలో కంటికి కనపడని ఒక గుర్తు పెడతారు, కొందరు పెట్టరు. మనిషికి రెండూ ఒకటే, యంత్రానికి వేరు. పూర్తి మాటతో వెతికితే సగం దొరకవు. మధ్యలో పొల్లు లేని చిన్న ముక్కతో వెతకండి. చాలామంది తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తారు కాబట్టి ఆ జవాబులు తెలుగు వెతుకులాటకు అందవు. జొటేరోలో ప్రతి చర్చకూ నాలుగు తెలుగు మాటలు ట్యాగులుగా రాసిపెడితే ఆ కొరత తీరుతుంది.

ఫైలు ఇంకొకరికి పంపే ముందు ఒకసారి పైనా పక్కనా చూడండి. లాగిన్ అయి దాచిన పేజీలో మీ పేరు, ఫొటో, నోటిఫికేషన్లు, పక్కన తెరిచి ఉన్న చాట్ల పేర్లు అన్నీ ఉంటాయి. వాట్సాప్ ఫైల్లోనైతే మీ కాంటాక్టుల్లో లేనివాళ్ల ఫోన్ నంబర్లు వరుసగా ఉంటాయి, అవి తీసేయకుండా ఎవరికీ ఇవ్వకండి. సొంతానికి చదువుకోవడానికి దాచుకోవడం వేరు, ఇంకొకరి జవాబును మన పేజీలో అచ్చు వేయడం వేరు. రెండోదానికి రాసినవాళ్లను అడగాలి. గూగుల్ డ్రైవ్‌లో పెట్టి లింకు పంపితే అవతలివాళ్లకు పేజీ బదులు కోడ్ కనిపిస్తుంది, దించుకుని బ్రౌజర్లో తెరవమని చెప్పండి.

దాచిన వెంటనే అసలు ట్యాబ్ మూసేయకండి. నెట్ ఆపి, ఇప్పుడే వచ్చిన ఫైలు తెరిచి, తిన్నగా చివరి జవాబు దగ్గరికి వెళ్లండి. అది కనిపిస్తే, బొమ్మలు వచ్చి ఉంటే, మధ్యలో ఎక్కడా "మరిన్ని" మిగలకపోతే, అప్పుడు మూసేయండి.